ఎర్రచందనం క్రైమ్ సినిమాకి గిటార్ స్కోర్: మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

నేను స్కోర్, అంటే సీన్ల వెనక వచ్చే మ్యూజిక్, చేసిన ఎర్రచందనం సినిమా ట్రైలర్ వచ్చినప్పటి నుంచి వాట్సాప్‌లో, బస్టాండ్ కాడ టీ అంగట్లో, ఆఖరికి మా చిన్నాయన కూతురి పెళ్లిలో పంక్తిలో కూర్చోనుంటే కూడా ఇవే ప్రశ్నలు, ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే అన్నీ ఒకే చోట రాసేస్తా ఉండా. ఇంగ ఎవురడిగినా ఇదే పంపిస్తా, ఏమనుకోవద్దండి.

సినిమా పేరేంది?

రాయను. ప్రొడ్యూసర్ అన్న ఇప్పటికి మూడు టైటిళ్లు మార్చినాడు, నాలుగోది ఆలోచిస్తా ఉండాడు. కథ అయితే ట్రైలర్‌లోనే ఉండాది గదా: తిరుపతి దగ్గర భాకరాపేట ఘాట్లో రాత్రిపూట దుంగల బండికి ముందర పైలట్‌గా కారు తోలే పిల్లోడు ఒకడు, ఒక రాత్రి జరగకూడనిది జరుగుతాది, వాడు తిరుపతికొచ్చి లాడ్జీ రూములో తలుపేసుకుని కూర్చుంటాడు. మిగతాది థియేటర్లో. ఫైట్లు రెండే, పాటలు అసలు లేవు, అందుకే నా నెత్తిన ఎక్కువ పడింది.

క్రైమ్ సినిమా అంటే ఢాం ఢాం అని డ్రమ్స్ ఉండాల గదా, గిటార్ ఎందుకు పెట్టినారు?

డైరెక్టర్ కూడా ఫస్ట్ ఇదే అడిగినాడు. నేను చెప్పింది ఏమంటే, ఆ పిల్లోడు సినిమాలో ముప్పావు వంతు ఒంటరిగా ఉంటాడు, కారులో ఒక్కడే, రూములో ఒక్కడే. గిటార్ ఒక్క మనిషి వాయిద్యం, దగ్గరగా మైక్ పెడితే నోట్ కంటే ముందు వేలు తీగ మీద జారిన కీచుమనే శబ్దం, గోరు తగిలిన టిక్కుమనే శబ్దం, వాయించేవాడు పీల్చిన ఊపిరి కూడా వినపడతాయి. తీగల సెక్షన్, అంటే వయొలిన్ల లాంటి వాయిద్యాల గుంపు, అట్ల కాదు, పది మంది కలిసి ఒకే నోట్ పట్టుకుంటే అందులో ఎవురి మొహమూ కనపడదు. సో పిల్లోడు గిటార్, వాడి చుట్టూ ఉండే కొండ, చీకటి, పోలీసులు, వాడు చేసిన తప్పు, వాడికంటే పెద్దవన్నీ ఆర్కెస్ట్రా. పిల్లోడు ఫ్రేమ్‌లో లేకపోతే గిటార్ మోగకూడదు అని రూల్ పెట్టుకున్నాం. ఒక్కసారి తప్పినాం, ఆ సంగతి కింద వస్తాది.

ఇది మీరే కనిపెట్టినారా లేక కాపీనా?

కనిపెట్టడానికి మేమెవురం సామీ. 1962లో మొదటి బాండ్ సినిమాలో విక్ ఫ్లిక్ వాయించిన ఆ ఎలక్ట్రిక్ గిటార్ థీమ్ వినని మనిషి ఉంటాడా, వెనక బ్రాస్, అంటే ట్రంపెట్ల గుంపు, అంతా గర్జిస్తా ఉంటే ముందర ఒకే ఒక్క తీగ నడుస్తా ఉంటాది. ఇటలీ ఆయన మొర్రికోనే 60ల్లో కౌబాయ్ సినిమాల్లో ఎలక్ట్రిక్ గిటార్‌ని ఆర్కెస్ట్రాలోకి తెచ్చి కూర్చోబెట్టేసినాడు. 1985లో బీబీసీ సీరియల్ ఒకదానికి మైకేల్ కామెన్, ఎరిక్ క్లాప్టన్ కలిసి చేసినారు, అది వింటే రాత్రి వాన పడతా ఉన్నప్పుడు ఒక మనిషి ఒంటరిగా నడుస్తా ఉన్నట్టే ఉంటాది. 1995లో ఎలియట్ గోల్డెన్‌తాల్ లాస్ ఏంజెలిస్ దొంగల సినిమాకి క్రోనోస్ క్వార్టెట్ అనే నలుగురి తీగ వాయిద్యాల బృందాన్నీ, గిటార్ల గుంపునీ, ఆర్కెస్ట్రానీ కలిపి వాడినాడు, నాకు బాగా తలకెక్కింది అది. మనకాడ అయితే చెప్పేదేముంది, ఇళయరాజా గారు 1976లో మ్యూజిక్ డైరెక్టర్ కాకముందు గిటార్ వాయించే మనిషే, ఇంగ 1989లో శివకి ఆయన ఇచ్చిన బ్యాక్‌గ్రౌండ్ మా నాయన తరం ఇప్పటికీ నోటితో వాయిస్తా ఉంటారు. నేను వీళ్లందరి దగ్గరా నేర్చుకున్నా, ట్యూన్ మాత్రం ఎవురిదీ తీసుకోలేదు.

ఏ గిటార్ అది? మామూలు గిటార్‌కి అంత కింది సౌండ్ రాదు గదా?

బ్యారిటోన్ గిటార్. మెడ కొంచెం పొడుగు, తీగలు లావు, ట్యూనింగ్ మామూలు దానికంటే ఐదు స్వరస్థానాలు కింద, అంటే ఇ నోట్ బదులు బి నోట్ నుంచి మొదలవుతాది. మామూలు గిటార్ లావు తీగ దగ్గర దగ్గర 82 హెర్ట్జ్, అంటే సెకనుకి అన్నిసార్లు ఊగుతాది, దీనిది 62. వినడానికి ఇరవైయే తేడా గానీ కడుపులో తెలుస్తాది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, బెంగుళూరు నుంచి రాత్రి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చినా, కండక్టర్ దానికి కూడా లగేజీ కొట్టినాడు.

లాంగ్ షాట్లో వణుకుతా ఉండే ఆ సౌండ్ ఏ ప్లగిన్?

ప్లగిన్ (కంప్యూటర్ ఎఫెక్ట్) కాదు, ఆంప్‌లో, అంటే గిటార్ సౌండ్ పెంచే పెట్టెలో, ఉండే ట్రెమోలో. శ్రుతి మారదు, వాల్యూమ్ మాత్రం పెరుగుతా తగ్గుతా ఉంటాది, ఫ్యాన్ ముందర కూర్చుని మాట్లాడినట్టు. దాని మీద ప్రతిధ్వని మాదిరి వచ్చే స్ప్రింగ్ రివర్బ్, అంటే ఆంప్ లోపల నిజంగానే స్ప్రింగులు ఉంటాయి, సౌండ్ వాటిల్లోంచి పోయి వస్తాది. ఆంప్‌ని తంతే ఖణేల్మని ఉరుము మాదిరి మోగుతాది, బాడీ దొరికే సీన్లో మీకు వినపడిన ఉరుము అదే, మా వాడి కాలు.

ఇంకొకటి, చాలామంది చెల్లో (కింది శ్రుతిలో మోగే పెద్ద వయొలిన్ లాంటిది) అనుకుంటా ఉండే సోలో చెల్లో కాదు, అది కూడా గిటారే. ఈబో అని చేతిలో పట్టుకునే చిన్న పెట్టె, బ్యాటరీతో నడుస్తాది, తీగకి తగలకుండానే అయస్కాంతంతో దాన్ని మోగిస్తానే ఉంటాది. మీటిన శబ్దం ఉండదు గాబట్టి ఎక్కడ మొదలైందో తెలీదు, పొగ మాదిరి వచ్చేస్తాది.

థీమ్ ఏ రాగం సార్? మా సంగీతం మేడం అడగమన్నారు.

మేడం గారికి నమస్కారం చెప్పండి. గిటార్ వాళ్ల భాషలో బి మైనర్, మన లెక్కలో నటభైరవి దగ్గర, కానీ థీమ్ అంతా కలిపి నాలుగే నోట్లు గాబట్టి రాగం అని పెద్ద పేరు పెట్టడానికి నాకు సిగ్గు. అసలు ఆట ఏందంటే, థీమ్‌లో మూడో నోట్ చతుశ్రుతి రిషభం, అంటే పై రి. పిల్లోడు ఆ పని చేసిన తర్వాత నుంచి అదే థీమ్‌లో అదే నోట్ శుద్ధ రిషభం, అంటే కింది రి, అవుతాది. గిటార్ మీద చూస్తే రెండో ఫ్రెట్ (మెడ మీద గడి) బదులు ఒకటో ఫ్రెట్, అంతే, వేలు ఒక్క గడి వెనక్కి పోతాది. అట్ల పోయినప్పుడు నటభైరవి కాస్తా తోడి రాగం వాసన కొడతాది. సినిమా మొత్తంలో నేను చేసిన పని ఏందని ఎవురన్నా అడిగితే ఈ ఒక్క ఫ్రెట్ చూపిస్తా, మిగతాదంతా దాని చుట్టూ కట్టిన ప్రహరీ గోడే. థియేటర్లో ఎవురికీ రిషభం మారిందని తెలీదు, తెలియాల్సిన పని కూడా లేదు, ఇందాకటి మాదిరి లేదే అని లోపల ఏదో గీరుకుంటే చాలు.

క్లైమాక్స్‌కి వకుళాభరణం రాగం కూడా ట్రై చేసినాం, పేరు మన కొండకి తగ్గట్టే ఉండాదిలే అని సరదా పడి. బాగా వచ్చింది, కానీ ఎడారి ఒంటెలు గుర్తొస్తా ఉండాయని డైరెక్టర్ తీసేసినాడు. కరెక్టే.

ఆర్కెస్ట్రా నిజమైనదేనా, కీబోర్డా?

రెండూ. చెన్నై పోయి పన్నెండు మందితో రికార్డ్ చేసినాం: వయొలిన్లు ఆరు, వయోలాలు (వయొలిన్ కంటే కొంచెం పెద్దవి) రెండు, చెల్లోలు మూడు, డబుల్ బేస్ ఒకటి. ప్రతి క్యూ, అంటే ఒక సీన్‌కి రాసిన మ్యూజిక్ ముక్క, మూడుసార్లు వాయించినారు, మూడూ ఒకదాని మీద ఒకటి పెడితే ముప్పై ఆరు మంది ఉన్నట్టు అనిపిస్తాది. కానీ ఇందులో ఒక కిటుకు ఉండాది, అదే మనిషి అదే కుర్చీలో అదే మైక్ ముందర మూడుసార్లు వాయిస్తే లావు కాదు, ముక్కుతో పాడినట్టు అవుతాది. అందుకని రెండోసారికి కుర్చీలు మార్చినాం, ఫస్ట్ వయొలిన్ వాళ్లు సెకండ్ వాళ్ల నోట్లు వాయించినారు, మూడోసారికి మైక్ వెనక్కి జరిపినాం. వీటికి అడుగున సాంపిల్స్, అంటే కీబోర్డ్‌లో ముందే రికార్డ్ చేసి పెట్టిన సౌండ్లు, కొంచెం, కూరలో ఉప్పు మాదిరి. సాంపిల్స్ ఒక్కటే పెట్టి చూసినాం, నీట్‌గా ఉండింది, నీట్‌గా ఉండటమే ప్రాబ్లం. పన్నెండు మంది ఒకే నోట్‌కి చేరేటప్పుడు ఒకరు ఒక వెంట్రుకవాసి ముందు, ఇంకొకరు వెనక, ఆ చెదురు వల్లనే మనుషులు ఉండారని తెలుస్తాది.

అందరూ వాయిద్యం మీద తీగలు ఆనే బ్రిడ్జి మీద మ్యూట్ పెట్టి వాయించినారు, చిన్న రబ్బరు ముక్క అది, సౌండ్ మీద దుప్పటి కప్పినట్టు అయిపోతాది. క్లైమాక్స్‌కి ముందు ఒక్క క్యూలో మాత్రం మ్యూట్ తీయించినా. కొండ మొత్తం కళ్లు తెరిచినట్టు ఉంటాది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

చెన్నైకే ఎందుకు? తిరుపతిలో వయొలిన్ వాళ్లు లేరా?

ఎందుకు లేరు, టీటీడీ సంగీత కళాశాల ఉండే ఊరు ఇది. కానీ ఇక్కడ నేర్పేది కర్ణాటక వయొలిన్, అది వేరే లోకం. తీగలు స-ప-స-ప అని శ్రుతి చేస్తారు, నేల మీద కూర్చుని వయొలిన్ తలని కుడికాలి మడమ దగ్గర ఆనిస్తారు, చెయ్యి ఫ్రీ అవుతాది గాబట్టి తీగ మీద ఎంత దూరమైనా జారొచ్చు. సెక్షన్ వాయించే వాళ్లు జి-డి-ఎ-ఇ ట్యూనింగ్‌లో గడ్డం కింద పెట్టుకుని, నోటేషన్ చూస్తా, పన్నెండు కమానులు ఒకేసారి పైకి ఒకేసారి కిందికి పోవాల. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, వచ్చిన మనిషిని పట్టుకొచ్చి గమకం వెయ్యకుండా గుంపులో నిలబడు అంటే అది వాళ్లకీ అవమానం మనకీ నష్టం.

అందుకని ఇంగో పని చేసినాం. తిరుపతిలోనే ఒక అక్కతో, పేరు వెయ్యొద్దు అనింది, వయొలిన్ సోలో వాయింపించినాం, పిల్లోడి అమ్మ సీన్లకి. నేను గిటార్ తీగని వేలితో పైకి నెట్టి శుద్ధ రిషభం నుంచి పైకి ఎక్కిస్తే, అక్క అదే జాగాలో జారు వేసింది, రెండూ ఒకదానికొకటి రాసుకుంటా పోతాయి. ఫస్ట్ టేక్‌కే అయిపోయింది. రెండో టేక్ అడిగితే "ఒకసారి ఏడ్చినాక మళ్లీ అట్లనే ఏడవమంటే యాడ వస్తాది నాయనా" అనింది, నోరు మూసుకుని కేబుల్స్ చుట్టుకున్నా. చెప్పిన రూల్ తప్పింది ఇక్కడే, అమ్మ ఒక్కతే ఉండే షాట్లో గిటార్ వస్తాది.

గిటారూ చెల్లో రెండూ కిందనే మోగితే బురద బురద అవుతాది గదా, మిక్స్‌లో ఎట్ల సరి చేసినారు?

మిక్స్‌లో కాదు, రాసేటప్పుడే సరి చెయ్యాల. చెల్లో అడుగు నోట్ సి, 65 హెర్ట్జ్. మా బ్యారిటోన్ అడుగు 62. అంటే ఇద్దరు లావు మనుషులు ఒకే సీట్లో కూర్చున్నట్టు. మొదటి డ్రాఫ్ట్‌లో నేను అట్లనే రాసినా, విని మా మిక్స్ ఇంజనీర్ ఏమీ అనలేదు, లేచి పోయి కాఫీ తాగొచ్చినాడు, అప్పుడే అర్థమైంది. ఆ తర్వాత గిటార్ కింద ఉన్నప్పుడల్లా చెల్లోల్ని పైకి పంపించేసినా, వయోలాల పక్కకి, చెల్లో పై తీగ మీద వాయిస్తే ఎట్లాగూ గొంతు బిగబట్టినట్టు ఉంటాది, మాకు కావాల్సింది కూడా అదే. డబుల్ బేస్ ఒక్కటి అడుగున ఒకే నోట్ పట్టుకుని ఉంటాది, తంబూరా మాదిరి. ఇంగ డైలాగ్ వచ్చినప్పుడు గిటార్ మీటకూడదు. సాగే నోట్ మీద మాట నిలబడతాది, మీటిన నోట్ మాత్రం మాట మీద పడి దాన్ని మింగేస్తాది.

ట్రైలర్‌లో లాడ్జీ సీన్‌కి గుయ్యిమని ఏదో హమ్ వస్తా ఉండాది, స్పీకర్ పోయిందా?

పోలేదబ్బా! దీన్ని ఎంతమంది అడిగినారో లెక్క లేదు. అది కావాలని ఉంచింది, కానీ మొదట కావాలని రాలేదు.

నా గిటార్‌లో సింగిల్ కాయిల్ పికప్పులు, అంటే తీగ ఊపుని కరెంటుగా మార్చే ఒంటి తీగచుట్టలు, చుట్టుపక్కల కరెంటు ఎక్కడున్నా పట్టుకుంటాయి. రెండు కాయిళ్లు ఎదురెదురుగా చుట్టి ఆ హమ్‌ని కొట్టేసే హంబకర్ అనేది 1955లోనే గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ తయారుచేసినాడు, అది పెట్టుంటే గొడవే లేదు, కానీ దాని సౌండ్ నాకు మెత్తగా అనిపిస్తాది. మా రూములో పాత ట్యూబ్‌లైట్, చోక్ గుయ్యిమంటా ఉంటాది, రాత్రి రెండుకి రికార్డింగ్, పొద్దున చూసుకుంటే టేకులన్నిట్లో ఈగ. తలకాయ పట్టుకుని కూర్చున్నా.

మన కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100. జి నోట్ 49, పై జి 98. అంటే మన ఇంటి కరెంటు కొంచెం శ్రుతి ఎక్కువైన జి పాడతా ఉంటాది! బి మైనర్‌లో జి అంటే శుద్ధ ధైవతం, ఏడుపు స్వరం. లాడ్జీ సీన్లో ఎట్లాగూ ట్యూబ్‌లైట్ కనపడతా ఉండాది. సో ఆ సీన్‌కి ఆర్కెస్ట్రా మొత్తం తీసేసి, గిటార్‌ని ఆ హమ్‌కి సరిపోయేటట్టు ఒక పిసరు పైకి శ్రుతి చేసుకుని, మళ్లీ వాయించినా. పిల్లోడు లేచి స్విచ్ ఆపేసినప్పుడు హమ్ ఆగిపోతాది చూడండి, అప్పటిదాకా ఉండిందని అప్పుడే తెలుస్తాది. నా వరకు స్కోర్‌లో బెస్ట్ జాగా అదే.

కట్ మీద, అంటే షాట్ మారే చోట, కరెక్ట్‌గా బీట్ పడతా ఉండాది, ఎట్ల?

లెక్క. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, నిమిషానికి 1440. దాన్ని టెంపోతో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో, భాగిస్తే ఒక బీట్‌కి ఎన్ని ఫ్రేములో వస్తాది. 72 టెంపో అయితే 20 ఫ్రేములు, 80 అయితే 18, 90 అయితే 16. ఇట్ల పూర్తి అంకె వచ్చే టెంపోలు పట్టుకుంటే ఎడిటర్‌తో మాట్లాడటం ఈజీ, "అన్నా, రెండు ఫ్రేములు కోసుకో" అంటే వాడికి అర్థమవుతాది. ఘాట్ రోడ్ ఛేజ్ 90. కానీ ప్రతి కట్ మీదా బీట్ పడితే రీల్ వీడియో అవుతాది, సినిమా కాదు, మూడు కట్లు వదిలి నాలుగో దాని మీద వెయ్యండి.

టెంప్ ట్రాక్ పెట్టినారా?

పెట్టినారు, అదే పెద్ద తలనొప్పి. ఎడిటింగ్‌లో ఎవురిదో మ్యూజిక్ పెట్టుకుని నెలల తరబడి చూసినాక ఇంగ మనం ఏది ఇచ్చినా "అంత బాలేదు" అంటారు. నేను టెంప్ తీసేసి ఒక రోజంతా ఉత్త మాటలతో, ఈలపురుగుల సౌండుతో చూడమన్నా. చూసినాక డైరెక్టరే పదకొండు చోట్ల మ్యూజిక్ అక్కర్లేదన్నాడు.

ట్రైలర్‌లో ఒక చోట గంగ జాతర పలకలు (డప్పులు) వినపడినాయి, నిజమా?

నిజమే, చెవి గట్టిదే మీది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో చిన్న రికార్డర్‌తో పట్టినవి. పిల్లోడు మాతంగి వేషం గుంపులో దాక్కునే సీన్లో వస్తాయి. ట్రైలర్ నిండా వాడమని ప్రొడ్యూసర్ పట్టుబట్టినాడు, నేను ఒప్పుకోలేదు. పలకలు మోగితే మన ఊరోడికి అమ్మవారు గుర్తొస్తాది, హంతకుడి ఎంట్రీకి దాన్ని వాడితే తప్పు అనిపించింది.

ఎర్రచందనంతో గిటార్ చేయించుకోవచ్చా అన్నా?

నన్నెందుకు ఇరికిస్తావు తమ్ముడూ. మన చెట్టుని వాయిద్యాలకి వాడేది నిజమే, జపాన్‌లో షామిసెన్ అని మూడు తీగల వాయిద్యం ఉండాది, మంచి రకం దానికి మెడ ఎర్రచందనంతోనే చేస్తారు. శేషాచలంలో పుట్టిన చెట్టు అంత దూరం పోయి సంగీతం అవుతాదంటే ఒక పక్క గర్వంగా ఉంటాది, అది అక్కడికి ఏ దార్లో పోతా ఉండాదో తెలిస్తే ఇంకో రకంగా ఉంటాది. స్కోర్‌లో షామిసెన్ పెట్టాలని నాకు ఆశ, బడ్జెట్ రాలేదు. నువ్వు మాత్రం మామూలు టేకు, మహోగని చూసుకో.

ఖర్చెంత అయింది?

చెప్పను. ఒక్క సలహా ఇస్తా: ఆర్కెస్ట్రా వాళ్లకి కాల్‌షీట్ లెక్క, క్యూల లెక్క కాదు. నోటేషన్ ప్రింట్ తీసి, పేజీలు అంటించి, ఎక్కడ తిప్పాలో చూసుకుని పోండి. ఫస్ట్ కాల్‌షీట్లో మాకు ఇరవై నిమిషాలు జెరాక్స్ షాపు వెతకడానికే పోయింది.

సౌండ్‌ట్రాక్ వదులుతారా?

సినిమా రిలీజ్ అయినాక. టైటిల్ ఫిక్స్ అయితే.

థీమ్ ట్యాబ్, అంటే ఏ తీగ మీద ఏ గడి నొక్కాలో, ఇవ్వండి అన్నా ప్లీజ్.

మామూలు గిటార్ మీద కూడా ఇదే షేప్, శ్రుతి పైన ఉంటాది అంతే. ఆరో తీగ ఓపెన్, ఆరో తీగ మూడో ఫ్రెట్, ఆరో తీగ రెండో ఫ్రెట్, ఐదో తీగ రెండో ఫ్రెట్. సెకండ్ హాఫ్ వెర్షన్ కావాలంటే మూడో నోట్ ఒకటో ఫ్రెట్ మీద. టెంపో 72. మూడో నోట్‌ని తొందరపడి వదలొద్దు, నాలుగోది కొంచెం లేటుగా రానీ.